కల్లు వయసు గంటల్లోనే

గోల్కొండ రాజ్యానికి వజ్రాల బేరం కోసం వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్‌ హైదరాబాద్‌లో రత్నాలతో పాటు కల్లు లెక్క కూడా రాసిపెట్టుకున్నాడు. 1676లో అచ్చయిన ఆయన యాత్రా గ్రంథం ప్రకారం నగరంలోకి రోజూ సుమారు 500 గుర్రాలు కల్లు మోసుకొచ్చేవి. ఒక్కో గుర్రానికి చెరో పక్కన ఒక తోలు తిత్తి. ఐదారు లీగుల దూరం నుంచి, అంటే ఇరవై పాతిక కిలోమీటర్ల నుంచి, అవి పరుగు మీద వచ్చేవి. ఆ కల్లు మీద వేసిన సుంకం వల్ల రాజుకు మంచి ఆదాయం ఉండేదట.

సుంకం సంగతి చరిత్రకారులు చూసుకుంటారు. విజ్ఞాన శాస్త్రానికి పనికొచ్చేది ఆ పరుగు. ధాన్యం బండికి లేని తొందర కల్లు తిత్తికి ఎందుకు? దారిలో పోయే ప్రతి గంటా సరుకును మార్చేస్తుంది కనుక. చెట్టు దిగిన కల్లు, ఊరి పొలిమేరకు చేరిన కల్లు, పొద్దుగూకాక దుకాణంలో పోసే కల్లు రసాయనికంగా మూడు వేర్వేరు పానీయాలు. కల్లు రుచుల్ని పోల్చాలనుకునేవాళ్లు ముందు పట్టుకోవలసిన సూత్రం ఇదే. చెట్టు పేరు తర్వాత, వేళ ముందు.

ఆపిల్‌ ఓపిక, తాటి తొందర

ఆపిల్‌ రసాన్ని పులియబెడితే వచ్చే పానీయం సైడర్‌. ఇంగ్లండ్‌లోని సోమర్సెట్‌, ఫ్రాన్స్‌లోని నార్మండీ, స్పెయిన్‌లోని అస్తూరియాస్‌ దీనికి పేరుపడ్డ సీమలు. అక్కడ సైడర్లను పక్కపక్కన పెట్టుకుని రుచి చూసి తేడాలు చెప్పడం ఒక విద్య. బ్రిస్టల్‌ దగ్గరి లాంగ్‌ ఆష్టన్‌ పరిశోధన కేంద్రంలో బార్కర్‌ అనే శాస్త్రవేత్త 1903లో సైడర్‌ ఆపిల్స్‌ను నాలుగు రకాలుగా విడగొట్టాడు: తీపివి, పుల్లనివి, వగరు తీపివి, వగరు పులుపువి. ఆమ్లం ఎంత, వగరునిచ్చే టానిన్‌ ఎంత అన్నవే ఆయన కొలబద్దలు. శరదృతువులో కాయ కోసి రసం పిండితే అది చలికాలమంతా మెల్లగా పులిసి వసంతానికి తాగడానికి తయారవుతుంది. సైడర్‌ వయసును నెలల్లో లెక్కపెడతారు.

హైదరాబాద్‌ పాతబస్తీ చుట్టుపక్కల ఆపిల్‌ తోటలు లేవు. ఇక్కడ ఆ స్థానం తాటి కల్లుది, ఈత కల్లుది. ఆషాఢంలో లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళికి బోనమెత్తినప్పుడు అమ్మవారికి ధారగా పోసే సాకలో కల్లూ ఉంటుంది. ఉర్దూ మాట్లాడే గల్లీల్లో ఇది సేంధీ, అమ్మే చోటు సేంధీఖానా. ఇందులో మద్యం శాతం మామూలుగా 4 నుంచి 6. సైడర్‌దీ ఇంచుమించు అంతే. రెండూ చక్కెర రసాలే, రెండింటినీ పులియబెట్టేవి కంటికి కనిపించని జీవులే. మరి ఒకటి నెలల తరబడి ఆగుతుంటే రెండోది పూట తిరిగేసరికి ఎందుకు మారిపోతుంది?

జవాబు పులుపులో ఉంది. ఆపిల్‌ రసంలో మాలిక్‌ ఆమ్లం పుట్టుకతోనే ఉంటుంది. దాని పీహెచ్‌ 3.3, 3.8 మధ్యన. అంత పులుపులో చాలా బ్యాక్టీరియా బతకలేవు. తట్టుకోగలిగిన ఈస్టు నింపాదిగా పని చేసుకుపోతుంది. తాటి నుంచి అప్పుడే దిగిన రసం పీహెచ్‌ 7 దగ్గర ఉంటుంది. అంటే మంచినీళ్లలా తటస్థం. దానికి తోడు లీటరుకు వంద గ్రాములకు పైగా చక్కెర, నగరం చుట్టూ ఎండాకాలంలో 40 డిగ్రీల వేడి. అడ్డు చెప్పే ఆమ్లం లేదు, కావలసినంత తిండి ఉంది, ఒళ్లు వెచ్చగా ఉంది. గాలిలోంచి, తేనెటీగల కాళ్ల నుంచి, కల్లు పట్టే కుండ అయిన లొట్టి గోడల నుంచి వచ్చిపడే ప్రతి జీవికీ తలుపు తెరిచే ఉంటుంది.

లొట్టి గోడల్లోని నిన్న

గీత కార్మికుడు చెట్టెక్కే సాధనాలైన మోకు, ముత్తాదులతో తాడెక్కి గెల కొసను కత్తితో పలచగా చెక్కుతాడు. ఆ కోత మీద ఊరిన రసం చుక్కచుక్కగా లొట్టిలోకి జారుతుంది. ఆకుల్లో తయారైన చక్కెరను కాయలకు మోసుకెళ్లే నాళాలు అక్కడ తెగుతాయి కనుక చెట్టు కాయ కోసం పంపిన తిండి లొట్టి పాలవుతుంది. కోత ఆరిపోకుండా పొద్దునా సాయంత్రం మళ్లీ చెక్కుతూ ఉండాలి. గీయడం రెండు రోజులు మానితే నాళాల నోళ్లు మూసుకుపోతాయి.

మొదటి చుక్కలు అద్దంలా తేటగా ఉంటాయి. కల్లుకు మనం ఎరిగిన తెల్లదనం చెట్టుది కాదు. మిల్లీలీటరుకు కోట్ల లెక్కన పెరిగిన ఈస్టు, బ్యాక్టీరియా కణాలు వెలుగును చెదరగొట్టడం వల్ల ఆ పాలరంగు వస్తుంది. గ్లాసులో తెల్లగా కనిపించేది సూక్ష్మజీవుల జనాభాయే అనుకోవచ్చు.

ఆ జనాభా అంత త్వరగా పెరగడానికి లొట్టి కారణం. మట్టి లొట్టి గోడల సన్నని రంధ్రాల్లో నిన్నటి కల్లు అడుగు అంటుకుని ఉంటుంది. కొత్త రసం పడగానే, పాలకు తోడు పెట్టినట్టు, ఆ మిగులు పని మొదలుపెడుతుంది. కాబట్టి కల్లు పులవడం దుకాణంలో మొదలవదు, చెట్టు నెత్తిన మొదటి చుక్కతోనే మొదలవుతుంది. రాత్రంతా కట్టి ఉంచిన లొట్టిని పొద్దున్నే దించితే అందులో మొదటి చుక్క వయసు పన్నెండు గంటలు, చివరి చుక్క వయసు కొన్ని క్షణాలు. ఒకే లొట్టిలో ముసలి రసం, పసి రసం కలిసి ఉంటాయన్నమాట. లొట్టిని కాల్చి, కడిగి కట్టేవారి కల్లు తియ్యగా ఎక్కువసేపు నిలవడానికీ, కడగకుండా కట్టేవారి కల్లు త్వరగా ఘాటెక్కడానికీ ఇదే కారణం.

మూడు దశలు, మూడు రుచులు

తర్వాత జరిగేది మూడు దశల్లో సాగుతుంది. దశలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోతాయి కానీ పైచేయి మాత్రం వరసగా మారుతుంది.

మొదటిది లాక్టిక్‌ దశ. ల్యూకోనోస్టాక్‌, లాక్టోబాసిల్లస్‌ జాతుల బ్యాక్టీరియా చక్కెరను లాక్టిక్‌ ఆమ్లంగా మారుస్తాయి. పీహెచ్‌ 7 నుంచి కొద్ది గంటల్లోనే 4 వైపు దిగుతుంది. ఆపిల్‌కు పుట్టుకతో ఉన్న పులుపును కల్లు ఇలా సంపాదించుకుంటుంది. ల్యూకోనోస్టాక్‌ చక్కెరలో కొంత భాగంతో జిగురు లాంటి పదార్థం కూడా తయారుచేస్తుంది. తాజా కల్లు నాలుక మీద కాస్త చిక్కగా తగలడానికి అదొక కారణం.

రెండోది ఆల్కహాల్‌ దశ. పులుపు పెరిగాక ఈస్టుకు అడ్డు తగ్గుతుంది. నూరు గ్రాముల గ్లూకోజు పులిస్తే సుమారు 51 గ్రాముల ఆల్కహాల్‌, 49 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వస్తాయి. లీటరు రసంలో 120 గ్రాముల చక్కెర ఉండి, అదంతా పులిసిందనుకుందాం. ఆల్కహాల్‌ దాదాపు 8 శాతానికి చేరాలి. వాయువు 30 లీటర్ల పైచిలుకు రావాలి. లొట్టి మూతి మీద నురుగు పొంగడం, బిరడా గట్టిగా బిగించిన సీసా పేలడం ఈ లెక్క వల్లే. ఆచరణలో చక్కెరంతా మద్యమయ్యేలోపే కొంత ఆమ్లాలకు పోతుంది, కొంత మిగిలిపోతుంది. అందుకే కల్లు 4, 5, 6 శాతాల దగ్గర ఆగుతుంది.

మూడోది ఎసిటిక్‌ దశ. గాలి తగిలేచోట ఎసిటోబాక్టర్‌ అనే బ్యాక్టీరియా ఆల్కహాల్‌ను వెనిగర్‌లోని ఆమ్లంగా మారుస్తుంది. దీనికి ఆక్సిజన్‌ కావాలి కనుక పైపొర నుంచి పని మొదలవుతుంది. ముక్కుకు ముందుగా తగిలే ఘాటు ఇదే. ఒకటి రెండు రోజులు వదిలేస్తే కల్లు పచ్చళ్లకు పనికొచ్చే వెనిగర్‌ దారి పడుతుంది.

ఒకే లొట్టి కల్లును మూడు వేళల్లో నోట్లో పోసుకుంటే ఈ మూడు దశలూ నాలుకకు తెలిసిపోతాయి. పొద్దున్నే దించినది ముందు తీపిగా తగులుతుంది. పులుపు వెనక వస్తుంది, బుడగలు సన్నగా ఉంటాయి. మధ్యాహ్నానికి తీపి సగం కరిగి పులుపు ముందుకొస్తుంది. నాలుక చివర చురుక్కుమంటుంది, పండిన పండు లాంటి వాసన లేస్తుంది. పొద్దుగూకేసరికి తీపి దాదాపు మాయమై, నురుగు చచ్చి, గొంతులో దిగేటప్పుడు వెనిగర్‌ గీరుడు తెలుస్తుంది. ఎండ 40 డిగ్రీలుంటే ఈ ప్రయాణం ఇంకా తొందరగా, చలికాలపు తెల్లవారుజామున బాగా నిదానంగా సాగుతుంది. ఇలాంటి జీవరసాయన చర్యల వేగం పది డిగ్రీల వేడి పెరిగితే ఇంచుమించు రెట్టింపవుతుంది. చలికాలపు వేకువ కల్లు తియ్యన అని తాగేవాళ్లు చెప్పే మాట వెనుక ఉన్న లెక్క అదే.

తాటిదా, ఈతదా?

కల్లు కాంపౌండ్‌లో కూర్చుంటే తెగని వాదన ఇది. ఈత తేలిక, తీపి అని ఒకరు. తాటిలో ఉన్న ఘాటు ఈతకు ఎక్కడిదని ఇంకొకరు. చెట్లలో నిజంగానే తేడా ఉంది. తాటిలో ఆడ, మగ చెట్లు వేరు. పోతుతాడు మగది, దాని పూగెలల నుంచి కల్లు తీస్తారు. పండుతాడు ఆడది, దాని కాయగెలల నుంచి తీస్తారు. ఈతకు గెలతో పని లేదు. మట్టల కింద మెత్తటి కాండాన్ని చెక్కి అక్కడి రసం పడతారు. ఒక ఏడు ఒక పక్క చెక్కితే మరుసటి ఏడు ఎదురు పక్క. అందుకే ముసలి ఈత కాండం మెలికలు మెలికలుగా కనిపిస్తుంది. ఆ గంట్లు లెక్కపెడితే ఎన్నేళ్లుగా గీస్తున్నారో చెప్పవచ్చు. ఈత రసం చలికాలంలో బాగుంటుంది, తాటి కల్లు ఎండలు ముదిరేకొద్దీ జోరందుకుంటుంది.

వాదనలో మెలిక ఇక్కడే ఉంది. ఈతను చలికాలంలో, తాటిని వేసవిలో తాగి రెండింటినీ పోల్చేవారు నిజానికి పోలుస్తున్నది చెట్లనా, ఉష్ణోగ్రతలనా? చల్లటి రాత్రి నిదానంగా పులిసిన ఈత తియ్యగా ఉండటంలో చెట్టు వాటా ఎంతో, చలి వాటా ఎంతో నాలుక విడదీసి చెప్పలేదు. నిక్కచ్చిగా పోల్చాలంటే ఒకే ఊళ్లో, ఒకే ఉదయం, ఒకే తీరున కడిగిన లొట్లలో కట్టి, ఒకే వేళకు దించి, ఒకే చల్లదనంలో ఉంచి పోయాలి. ఏ గ్లాసు ఏ చెట్టుదో తాగేవాడికి చెప్పకూడదు. అప్పుడు మిగిలే తేడా చెట్టుది. సైడర్‌ పరీక్షకులకు టానిన్‌ ఒక కొలత కదా, కల్లు రసంలో ఆ వగరు దాదాపు లేదు. ఇక్కడ చూడవలసినవి నాలుగు: తీపి ఎంత మిగిలింది, పులుపు పెరుగు పులుపా వెనిగర్‌ పులుపా, బుడగ సన్నమా ముతకా, వాసనలో పండు ముందా ఘాటు ముందా. ఈ నాలుగూ వేళను బట్టి మారేవే.

సైడర్‌కు రోగం, కల్లుకు ప్రాణం

రెండు పానీయాల బంధుత్వాన్ని బయటపెట్టిన జీవి ఒకటుంది. ఇంగ్లండ్‌లో కొన్ని తీపి సైడర్లు ఉన్నట్టుండి మబ్బుపట్టి, విపరీతంగా పొంగి, అరటి తొక్క కుళ్లిన వాసన వేసేవి. సైడర్‌ తయారీదారులకు అది పెద్ద తెగులు. ఇంతకుముందు చెప్పుకున్న బార్కర్‌, ఆయన సహచరుడు హిల్లియర్‌ 1912లో ఈ తెగులుకు కారణం ఒక బ్యాక్టీరియా అని వివరించారు. 1920లలో లిండ్నర్‌ అనే జర్మన్‌ శాస్త్రవేత్తకు మెక్సికోలో కిత్తలి జాతి మొక్క రసంతో చేసే పుల్కే అనే పానీయంలో అలాంటి జీవే దొరికింది. ఈనాడు దాన్ని జైమోమోనాస్‌ మొబిలిస్‌ అంటున్నారు. తాటి జాతి చెట్ల కల్లులో ఇది మామూలు నివాసి, అదీ పెద్దపీట వేసుకున్న నివాసి.

దీని పని తీరు చిత్రమైనది. ఒక గ్లూకోజు అణువు నుంచి ఈస్టు రెండు ఏటీపీల (కణం శక్తిని దాచుకునే అణువుల) శక్తి రాబట్టుకుంటే ఇది వేరే రసాయన మార్గంలో ఒక్కటే రాబట్టుకుంటుంది. శక్తి చాలదు కనుక ఎక్కువ చక్కెరను గబగబా మింగుతుంది, ఒళ్లు పెంచుకోకుండా ఆల్కహాల్‌ను కక్కుతుంది. వేగంలో ఈస్టును మించిపోతుంది. అయితే పులుపు బాగా ఎక్కువైతే పని చేయలేదు. పుల్లని సైడర్ల జోలికి పోకుండా ఆమ్లం తక్కువున్న తీపి సైడర్లనే ఇది పాడుచేయడానికి కారణం అదే. తాటి రసం తటస్థంగా మొదలవుతుంది కాబట్టి దానికిక్కడ రాచమర్యాద. సోమర్సెట్‌లో పీపాలు పారబోయించిన జీవే పాతబస్తీకి వచ్చే లొట్టికి చురుకునిస్తోంది. తప్పు వాసన, మంచి వాసన అన్నవి పానీయాన్ని బట్టి ఉంటాయి తప్ప సూక్ష్మజీవిని బట్టి కాదు.

చెట్టు దూరమైతే

టావెర్నియర్‌ నాటికి నగరం నుంచి గుర్రం రెండు గంటల్లో చేరగల దూరంలో చెట్లున్నాయి. నగరం పెరిగినకొద్దీ అవి వెనక్కు జరిగాయి. పాతబస్తీకి ఇరవై పాతిక కిలోమీటర్ల పరిధి ఇప్పుడు ఔటర్‌ రింగ్‌రోడ్డు, వెంచర్లు, కాలనీలు. తాగేవాళ్లు మాత్రం తగ్గలేదు. బోనాలకు కల్లు కావలసిన ఆషాఢం నాటికి తాటి కాలం తగ్గుముఖం పడుతుంది కూడా. చెట్లు లేని నగరంలో ఇంత కల్లు ఎక్కడిదన్న ప్రశ్న మీదే ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2004లో హైదరాబాద్‌ కల్లు దుకాణాలను మూయించింది. గీత కార్మికుల బతుకుదెరువు దృష్ట్యా తెలంగాణ ప్రభుత్వం 2014లో మళ్లీ తెరిపించింది. రెండు వాదనల్లోనూ నిజం ఉంది. ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

ఆ ఖాళీలోకి దూరింది మందుబిళ్ల. నీళ్లలో కొద్దిగా కల్లు, తీపికి శాకరిన్‌, మత్తుకు క్లోరల్‌ హైడ్రేట్‌, డైజీపామ్‌, అల్ప్రజోలామ్‌. కల్తీ కల్లు కేసుల్లో పదేపదే బయటపడే పేర్లివి. శాకరిన్‌ను ఈస్టు పులియబెట్టలేదు. కాబట్టి ఆ తీపి పొద్దునా సాయంత్రం ఒకేలా ఉంటుంది. నిజమైన కల్లు రోజంతా తీపి కోల్పోతూనే ఉండాలి. రాత్రి దాకా తియ్యగా ఉండి, మూడు గ్లాసులకే కాళ్లు తేలిపోయేలా చేసే కల్లును అనుమానించడానికి ప్రయోగశాల అక్కర్లేదు. అయితే నాలుక అల్ప్రజోలామ్‌ను పట్టలేదు. అది పరీక్షలోనే తేలాలి.

ఈ మందుల ప్రమాదం రెండు రకాలు. మెదడులో నాడుల హడావుడిని తగ్గించే గాబా గ్రాహకాల మీద ఆల్కహాల్‌ పనిచేస్తుంది, ఇవీ అక్కడే పనిచేస్తాయి. రెండూ కలిస్తే మత్తు కూడిక దాటి శ్వాసను అణచే స్థాయికి పోగలదు. క్లోరల్‌ హైడ్రేట్‌, ఆల్కహాల్‌ విషయంలో ఇంకో చిక్కు: కాలేయంలో ఒకటి విరిగే తీరు రెండోదాని మత్తును పొడిగిస్తుంది. రెండో ప్రమాదం ఆగిపోయినప్పుడు వస్తుంది. రోజూ అణచివేతకు అలవాటుపడిన నాడులు ఆ మందు ఒక్కసారిగా అందకపోతే రెచ్చిపోతాయి. వణుకు, ఫిట్స్‌, లేనివి కనిపించడం, మతి తప్పడం. 2015లో కల్తీ మీద దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్‌, మహబూబ్‌నగర్‌ జిల్లాల్లోనూ, 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్‌లోనూ ఇదే జరిగింది. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ముందు వరస కట్టినవారు తాము తాగింది కల్లే అనుకున్నవారు. ఇలాంటి అలవాటున్నవారు ఉన్నపళంగా మానడం కన్నా వైద్యుడి చూపులో తగ్గించుకోవడం క్షేమం. ఇక శుద్ధమైన కల్లు కూడా మద్యమేనన్న సంగతి మరవకూడదు. చెట్టు నుంచి దిగింది కనుక కాలేయం దాన్ని వేరుగా చూడదు.

పులవడాన్ని ఆపడం

వేళను ఆపే నిజాయితీ గల దారులూ ఉన్నాయి. పాతది సున్నం. లొట్టి లోపల సున్నం పూస్తే రసం క్షారంగా మారి సూక్ష్మజీవులకు నిలువ నీడ ఉండదు. అదే తీపి నీరా. రెండోది చలి. కాసరగోడ్‌లోని కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థ కొబ్బరి రసాన్ని మంచు పెట్టెలో చెట్టు మీదే చల్లగా పట్టే పద్ధతి రూపొందించి ఆ రసానికి కల్పరస అని పేరు పెట్టింది. హైదరాబాద్‌ నెక్లెస్‌ రోడ్డులో 2023 మేలో నీరా కేఫ్‌ తెరిచారు. చల్లదనం తెగకుండా తేగలిగితేనే అలాంటి చోటికి నీరా తీపి చేరుతుంది. మూడోది వేడి. శ్రీలంకలో తాటి కల్లును పాశ్చరైజ్‌ చేసి సీసాల్లో నింపి ఎగుమతి చేస్తారు. అందులో జీవం లేదు, బుడగ వేరు, వాసన వేరు. అది సైడర్‌లా ఆగుతుంది, కల్లులా ఉండదు.

మూడింటిలో ఏదైనా ఖర్చుతో కూడినదే. ఆ ఖర్చుకు కొనేవాడి దగ్గర కారణం ఉండాలంటే వాడికి ఒక వివరం తెలియాలి. కల్లు సొసైటీలకు, చెట్టు లైసెన్సు ఉన్న గీత కార్మికులకు ప్రభుత్వం ఎన్ని చెట్లు గీయవచ్చో లెక్కకట్టి ఇస్తుంది. ఆ లెక్క కాగితాల్లో ఉంటుంది. దుకాణంలో ధర కనిపిస్తుంది, సీసా కనిపిస్తుంది. ఏ ఊరి చెట్టు, ఎన్ని గంటలకు దించారు అన్నవి కనిపించవు. ఒక నల్లబల్ల, ఒక సుద్దముక్కతో అయ్యే పని అది. చెట్ల సంఖ్యను, దించిన లీటర్లను, అమ్మిన లీటర్లను పక్కపక్కన పెడితే ఎక్కడ నీళ్లు కలిశాయో చిన్న లెక్కతోనే తేలుతుంది. తాడెక్కి దించేవాడికి న్యాయమైన ధర దక్కేదీ అప్పుడే. అతని సరుకుకు ఉన్న విలువంతా దించిన ఆ కొద్ది గంటల్లోనే ఉంది. బిళ్ల కలిపినవాడితో ఒకే ధరకు పోటీపడమంటే అతను ఓడిపోక తప్పదు.